రూపాయిలో బారాణా దురద



తెలంగాణలో బాన్సువాడ వైపు డాక్టరు గది ముందు కాసేపు కూర్చుంటే చాలు, ఒక మాట చెవిన పడుతుంది. "ఎట్లున్నదవ్వా? రూపాయిల ఎంత తగ్గింది?" అని డాక్టరు అడుగుతారు. "చారాణా తగ్గింది సారూ. బారాణా అట్లనే ఉన్నది" అంటుంది అవ్వ. 1957లో నయాపైసలు వచ్చి అణాల లెక్కను పక్కకు నెట్టేశాయి. తెలంగాణ పల్లెల్లో ఒంటి బాధకు మాత్రం ఇప్పటికీ కొలత రూపాయే. పదహారణాల్లో ఎన్ని పోయాయి, ఎన్ని మిగిలాయి, అంతే లెక్క. జ్వరానికి థర్మామీటరు ఉంది, బీపీకి యంత్రం ఉంది. ఏ యంత్రానికీ చిక్కని బాధలకే అణాల లెక్క కావాలి. వాటిలో మొదట చెప్పుకోవలసింది దురద.

ఈ రోజు ప్రసంగం ఎగ్జిమా గురించి. ఆ జబ్బు ఒంటి మీద ఎంత ఉంది, బతుకును ఎంత కుదిపేస్తోంది, ఈ రెండింటినీ ఎలా కొలుస్తారన్న దాని గురించి.

పేరు దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఊళ్లో చర్మం మీద ఏది లేచినా గజ్జి అంటారు, కాకపోతే తామర అంటారు. గజ్జి అతి చిన్న పురుగు వల్ల వస్తుంది. ఆ పురుగు చర్మంలో బొరియలు చేసుకుని ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. తామర ఫంగస్ వల్ల వస్తుంది, అదీ అంటుకుంటుంది. ఎగ్జిమా అంటుకోదు. పక్కన పడుకున్నా, ఒకే తువ్వాలు వాడినా రాదు. చర్మం తనలోని తడిని నిలుపుకోలేకపోవడం, బయటి నుంచి వచ్చేవాటిని ఆపలేకపోవడం, దాంతో లోపలి రోగనిరోధక వ్యవస్థ రేగిపోవడం: ఎగ్జిమా అంటే ఇదీ. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ సంగతి బయటపెట్టారు. దాన్ని తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా వచ్చే అవకాశం ఎక్కువని తేల్చారు. గోడకు సున్నం సరిగ్గా పట్టకపోతే వాన నీరు లోపలికి దిగినట్టు, ఆ ప్రోటీన్ తక్కువైన చర్మంలోకి దుమ్ము, సబ్బు, పుప్పొడి అన్నీ దిగుతాయి. ఎగ్జిమా అనే గ్రీకు మాటకు అర్థం పొంగడం. పొయ్యి మీద అన్నం గిన్నె పొంగినట్టు చర్మం మీద సన్నని నీటి పొక్కులు లేచి పగులుతాయి.

అంటుకోదన్న ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ఎంతమంది పిల్లలు బడిలో బెంచీ చివరికి జరిగి కూర్చున్నారో, ఎన్ని పెళ్లిచూపులు పొడుగు చేతుల జాకెట్ల చాటున జరిగాయో లెక్క లేదు. ఆ లెక్క తీయవచ్చని వైద్యులకు తట్టింది కూడా ఈ మధ్యనే.

ఆ లెక్క ఎలా తీస్తారో చూడటానికి బాన్సువాడ వైపు ఉన్న నస్రుల్లాబాద్ సంగతికి వద్దాం. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు ఇది మండల కేంద్రమైంది. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతానికి అన్నం పెట్టిన ప్రాజెక్టు. నీళ్లు నిండిన ఏడాది వానాకాలం వరి, యాసంగి వరి. రెండు పంటలంటే రెండు సార్లు నాట్లు. నాట్లంటే వారాల తరబడి బురద నీళ్లలో ఆడవాళ్ల చేతులు.

ఆ చేతులను దగ్గరగా చూడాలి. ఎడమ చేతిలో నారు కట్ట. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడూ కలిసి రెండు మూడు మొక్కలను తుంచుకుని బురదలోకి దింపుతాయి. ఒంగిన నడుము లేవదు, చెయ్యి ఆగదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేల సార్లు అదే మూడు వేళ్లు, అదే బురద. ఆ నీళ్లలో ఎరువు కలిసి ఉంటుంది, కొన్నిసార్లు కలుపు మందు కూడా. ఇంటికొచ్చాక గిన్నెల సబ్బు, బట్టల సబ్బు. రోజుకు 2 గంటలకు మించి చేతులు తడిలో ఉండే పనిని జర్మనీ కార్మిక నిబంధనలు చర్మానికి ముప్పు తెచ్చే పనిగా లెక్కిస్తాయి. నాట్లు వేసే మనిషికి ఆ 2 గంటలు పొద్దున చాయ్ తాగే వేళకే దాటిపోతాయి.

ఇలా నాట్లకు వెళ్లే ఒకామెను ఊహించుకుందాం. రెండు అరచేతులూ మందంగా గట్టిపడ్డాయి. వేళ్ల గీతల దగ్గర పగుళ్లు. రాత్రి పడుకుంటే దురద. ఆమె చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లింది. జబ్బు ఎంత ఉందో ఆయన ఎలా కొలుస్తాడు?

ప్రపంచంలో ఇప్పుడు ఎక్కువ పేరున్న కొలతను 2001లో అమెరికాకు చెందిన జాన్ హానిఫిన్ బృందం ప్రచురించింది. పూర్తి పేరు ఎగ్జిమా ఏరియా అండ్ సివియారిటీ ఇండెక్స్. పొట్టిగా ఈజీ అంటారు. ఇందులో ఒంటిని నాలుగు భాగాలు చేస్తారు. తల, మెడ ఒకటి. చేతులు ఒకటి. ఛాతీ, కడుపు, వీపు కలిపి ఒకటి. కాళ్లు ఒకటి. ఒక్కో భాగంలో నాలుగు సంగతులు చూస్తారు: చర్మం ఎంత ఎర్రబడింది, ఎంత ఉబ్బింది, గోకిన గాట్లు ఎన్ని, చర్మం ఎంత మొద్దుబారింది. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు. ఆ భాగంలో జబ్బు ఎంత మేర పాకిందో చూసి సున్నా నుంచి 6 దాకా ఇంకో అంకె. రెండింటినీ గుణించి, ఆ భాగం ఒంట్లో ఎంత వాటా ఉంటే అంత వాటాకు తగ్గిస్తారు. పెద్దవాళ్లలో తలకు పదో వంతు, చేతులకు ఐదో వంతు. నాలుగు భాగాలూ కలిపితే మొత్తం 72 దాటదు. 1.1 నుంచి 7 దాకా తక్కువ తీవ్రత, 21 దాకా మధ్యస్తం, 50 దాకా తీవ్రం, ఆపైన అతి తీవ్రం.

ఇప్పుడు మన నాట్లామె చేతులకు మార్కులు వేద్దాం. ఎరుపు 2, ఉబ్బు 2, గాట్లు 1, మొద్దుబారడం 3. మొత్తం 8. భుజం నుంచి వేళ్ల దాకా చూస్తే జబ్బు పాకింది అరచేతుల మేరకే, కాబట్టి విస్తీర్ణానికి 2. ఎనిమిది రెళ్లు పదహారు. చేతుల వాటా ఐదో వంతు కనుక 3.2. ఇంకెక్కడా జబ్బు లేదు. మొత్తం 3.2 అంటే, 72కు 3.2. కాగితం మీద "తక్కువ తీవ్రత" అని పడుతుంది.

నారు కట్ట పట్టుకోలేని చేతులు, ముద్ద కలుపుకుంటే ఉప్పూ కారం పగుళ్లలో మండే చేతులు. వాటికి తక్కువ తీవ్రత.

ఇందులో డాక్టరు తప్పు లేదు, కొలతలోనూ మోసం లేదు. ఈజీని తయారుచేసింది ఒళ్లంతా పాకే అటోపిక్ ఎగ్జిమా కోసం. చేతుల మీద మాత్రమే వచ్చే ఎగ్జిమాకు వేరే కొలత కావాలని గ్రహించిన డెన్మార్క్ వైద్యులు 2005లో హెక్సీ అనే సూచీ తెచ్చారు. అది వేళ్ల కొసలను, వేళ్లను, అరచేతిని, చేతి వెనక భాగాన్ని, మణికట్టును విడివిడిగా చూస్తుంది. పగుళ్లను, నీటి పొక్కులను, పొలుసును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. దాని గరిష్ఠం 360. చేతులే బతుకుదెరువైన వారికి చేతులే పూర్తి కొలతబద్ద కావడం న్యాయంగా అనిపిస్తుంది. తునికాకు కత్తిరించి, జర్దా పోసి, రోజూ చాట ముందు కూర్చునే బీడీ కార్మికులకూ ఇలాంటి కొలతే సరిపోతుంది.

అయినా ఇవన్నీ చూసేవారి కొలతలు. పడేవారి కొలత ఇంకొకటి ఉంది.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో కరోలిన్ చార్మన్, ఆండ్రియా వెన్, హైవెల్ విలియమ్స్ అనే ముగ్గురు 2004లో పోయెమ్ అనే ప్రశ్నావళి ప్రచురించారు. జబ్బులో మీకు ఏది ముఖ్యం అని రోగులనే అడిగి, వాళ్లు చెప్పిన వాటిలోంచి ఏడు ప్రశ్నలు తీశారు. ఏడింటికీ వరస ఒకటే: గడిచిన వారంలో ఎన్ని రోజులు? దురద పెట్టింది ఎన్ని రోజులు? నిద్ర చెడింది ఎన్ని రాత్రులు? చర్మం నుంచి రక్తం వచ్చింది ఎన్ని రోజులు? నీరు కారింది? పగిలింది? పొలుసు రాలింది? ఎండిపోయి గరుకుగా ఉంది? ఒక్క రోజూ లేకపోతే సున్నా, ఒకటి రెండు రోజులకు 1, మూడు నాలుగు రోజులకు 2, ఐదారు రోజులకు 3, రోజూ ఉంటే 4. మొత్తం 28కి.

మన నాట్లామెను అడుగుదాం. దురద రోజూ: 4. నిద్ర మూడు రాత్రులు పాడైంది: 2. రక్తం ఒక రోజు: 1. నీరు కారలేదు: సున్నా. పగుళ్లు రోజూ: 4. పొలుసు ఐదు రోజులు: 3. గరుకుదనం రోజూ: 4. కూడితే 18. పోయెమ్ లెక్కలో 17 నుంచి 24 దాకా తీవ్రం.

చేతులవే, మనిషి ఆమే. ఒక కాగితం తక్కువ అంటుంది, ఇంకో కాగితం తీవ్రం అంటుంది. రెండూ నిజమే. మొదటిది ఒంట్లో జబ్బు ఎంత మేర ఉందో చెబుతుంది, రెండోది ఆ జబ్బుతో వారం ఎలా గడిచిందో చెబుతుంది. రెండో కాగితం లేకుండా మొదటిదాని మీద మాత్రమే మందు నిర్ణయమైతే ఆమెకు అన్యాయం జరుగుతుంది. ఈ ప్రసంగంలో గట్టిగా చెప్పదలచింది ఇదే.

చూసే కొలతకు మన ఒంటి రంగుతో ఇంకో ఇబ్బంది ఉంది. ఈజీలో మొదటి సంగతి ఎరుపు. తెల్లటి చర్మం మీద ఎరుపు దూరం నుంచే కనిపిస్తుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద అదే వాపు ఊదాగానో, బూడిద రంగుగానో, ముదురు మచ్చగానో కనిపిస్తుంది. లండన్‌లో బెన్-గషీర్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే పట్టుకుంది. ఎరుపు మీద ఆధారపడి మార్కులు వేస్తే నల్లజాతి పిల్లల్లో తీవ్రమైన ఎగ్జిమా మరుగున పడిపోతోందని అది తేల్చింది. ఆ హెచ్చరిక మన పొలాల్లో ఎండకు నల్లబడిన మెడలకూ వర్తిస్తుంది. ఇక్కడ చూపుతో పాటు వేళ్లు కూడా వాడాలి. తాకితే వేడి తెలుస్తుంది, మందం తెలుస్తుంది.

మెడ మాట వచ్చింది కనుక గట్ల మీది మొక్క గురించి చెప్పుకోవాలి. వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అనీ అంటారు. తెల్లని చిన్న పూలతో, క్యారెట్ ఆకులాంటి ఆకులతో, నస్రుల్లాబాద్ నుంచి ఏ రోడ్డు పట్టుకుని పోయినా ఇరువైపులా కనిపిస్తుంది. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణే దగ్గర గుర్తించారు. ఒక్కో మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం కొందరికి పడదు. ఎండిన ఆకు పొడి, నూగు గాలిలో కలిసి ముఖం మీద, కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో చేరుతుంది. 1970ల నాటికే ఈ మొక్క తెచ్చిన చర్మవ్యాధి గురించి పుణే వైద్యులు రాశారు. మెక్సికో నుంచి ఒక రకం పెంకు పురుగును తెచ్చి 1980లలో బెంగళూరులో వదిలారు. అది వయ్యారిభామ ఆకులను తింటుంది. వానాకాలంలో ఆకుల మీద గీతల రెక్కలతో కనిపించే ఆ పురుగు రైతుకు మిత్రుడే.

వయ్యారిభామ పడని రైతు ముఖం ఎలా ఉంటుందో తెలిసినవారికి తెలుసు. కనురెప్పలు ఉబ్బి, నుదురు మందంగా గీతలు పడి, మెడ చుట్టూ తోలులాగా గట్టిపడి, ఎండలోకి వస్తే మంట. ఇప్పుడు ఈజీ లెక్క వేయండి. తల, మెడ భాగంలో నాలుగు సంగతులకూ పూర్తి మార్కులు, 12. విస్తీర్ణానికీ పూర్తిగా 6. పన్నెండు ఆర్లు 72. పెద్దవారిలో తల వాటా పదో వంతు కనుక 7.2. ముఖమంతా పూర్తిగా పాడైపోయిన మనిషి మధ్యస్తం అనే గడపను అప్పుడే దాటాడు. అద్దంలో చూసుకోలేని ముఖానికి, బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్లడం మానేసిన మనిషికి 72కు 7.2. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ కౌశల్ వర్మ బృందం ఈ జబ్బుకు అజాథియోప్రిన్ మాత్రలతో చికిత్సను చాలా ఏళ్లు పరిశీలించింది. మందుకు ముందు, తరువాత తీవ్రతను మార్కులతో కొలిచింది కాబట్టే ఆ మందు పని చేస్తుందని నమ్మకంగా చెప్పగలిగారు.

బతుకు కొలత కథ వేల్స్‌లోని కార్డిఫ్‌లో మొదలైంది. ఆండ్రూ ఫిన్లే, జి.కె. ఖాన్ అనే ఇద్దరు వైద్యులు రకరకాల చర్మవ్యాధులున్న 120 మందిని కూర్చోబెట్టి, ఈ జబ్బు మీ జీవితంలో ఏమేం మార్చింది అని అడిగారు. వచ్చిన జవాబుల్లోంచి పది ప్రశ్నలు తయారుచేశారు. 1994లో ప్రచురించిన ఆ పది ప్రశ్నల పట్టికే డెర్మటాలజీ లైఫ్ క్వాలిటీ ఇండెక్స్, పొట్టిగా డీఎల్‌క్యూఐ. ఆ తర్వాత వందకు పైగా భాషల్లోకి వెళ్లింది. దురద, నొప్పి ఎంత? సిగ్గుపడ్డారా? బజారుకు వెళ్లడానికి, ఇంటి పనికి అడ్డమైందా? బట్టలు ఎంచుకోవడంలో తేడా వచ్చిందా? నలుగురిలోకి వెళ్లడం, ఆటలు, ఉద్యోగం, చదువు, దగ్గరివారితో సంబంధాలు, దాంపత్యం, చివరికి మందు పూసుకోవడమే ఒక భారంగా ఉందా? ఒక్కోదానికి 3 దాకా మార్కులు, మొత్తం 30. పదకొండు గానీ అంతకు మించి గానీ వస్తే జీవితం మీద చాలా ప్రభావం ఉన్నట్టు, 21 గానీ అంతకు మించి గానీ వస్తే విపరీతమైన ప్రభావం ఉన్నట్టు. అప్పటి ఆ మొదటి వ్యాసంలోనే ఒక మాట తేలింది: మొటిమల కంటే, కొన్ని రకాల చర్మ క్యాన్సర్ కంటే కూడా అటోపిక్ ఎగ్జిమా, సోరియాసిస్ మనిషి రోజువారీ బతుకును ఎక్కువగా దెబ్బతీస్తాయి. ప్రాణం తీయదు కదా అని పక్కన పెట్టిన జబ్బు ఎగ్జిమా. బతుకు ఎలా ఉందో రోగినే అడిగేసరికి వరసలో ముందుకు వచ్చింది.

అయితే ఆ పది ప్రశ్నలను నస్రుల్లాబాద్‌లో అడిగి చూడండి. "ఆటలకు అడ్డమైందా?" కూలికి పోయే అమ్మ ఏ ఆట ఆడుతుంది? నాకు వర్తించదు అంటుంది. ఆ జవాబుకు సున్నా. దాంపత్యం సంగతి ఒక వితంతువును అడిగితే మళ్లీ వర్తించదు, మళ్లీ సున్నా. కూలి మానేసి ఇంట్లో ఉన్న ముసలామెను ఉద్యోగం గురించి అడిగినా అంతే. ఇలా నాలుగు ప్రశ్నలు వర్తించకపోతే మిగిలిన ఆరింటిలో ఆమెకు రాగల గరిష్ఠం 18. వాటిలో 8 వచ్చిందనుకుంటే ఓ మోస్తరు ప్రభావం అని పడుతుంది. నిజానికి 18కి 8 అంటే, 30కి 13. చాలా ప్రభావం. హంగేరీకి చెందిన ఫాన్ని రెంత్స్ బృందం సరిగ్గా ఈ లోపాన్ని సవరించే పద్ధతిని ప్రతిపాదించింది. అయినా లెక్క సవరించడం ఒకటి, ప్రశ్న సవరించడం ఇంకొకటి. "నాట్లకు పోగలిగినవా? పిండి పిసకగలిగినవా? చుట్టాల పెండ్లికి పోయినవా, పోలేదా?" అని మన ఊరి మాటలో అడిగే పట్టిక కూడా రావాలి. మన చర్మవైద్యులు, మన భాష తెలిసిన పరిశోధకులు కలిసి చేయవలసిన పని అది.

పిల్లల సంగతి వేరు. 1995లో నాలుగేళ్ల నుంచి పదహారేళ్ల వారికి విడిగా ఒక పట్టిక వచ్చింది. దానికి బొమ్మలతో ఉన్న రూపం కూడా ఉంది. చదువు ఇంకా సరిగ్గా రాని పిల్లవాడు బొమ్మ మీద వేలు పెట్టి చెప్పగలడు. ఎవరైనా నిన్ను ఏడిపించారా, చెప్పులు ఇష్టమైనవి వేసుకోగలిగావా, రాత్రి నిద్ర పట్టిందా అన్నవి అందులోని ప్రశ్నలు. 1998లో ఇంటివారి కోసం ఇంకొకటి తయారైంది. ఎగ్జిమా ఉన్న బిడ్డ ఇంట్లో మిగతావారి నిద్ర ఎంత చెడింది, వంట, ఉతుకుడు ఎంత పెరిగాయి, మందుల ఖర్చు ఎంత, ఇంట్లో అలసట ఎంత అని అది అడుగుతుంది. అర్ధరాత్రి బిడ్డ మోకాలి వెనక గోక్కుంటూ ఏడుస్తుంటే తల్లి ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది. పొద్దున్నే ఆమె నాట్లకు పోవాలి. ఆ ఇంట్లో జబ్బు ఒక్కరికే ఉన్నట్టా?

దురద రాత్రే ఎందుకు ఎక్కువవుతుందంటే, పడుకున్నాక చర్మం వేడెక్కుతుంది. రాత్రిపూట చర్మం నుంచి తడి ఎక్కువగా ఆవిరవుతుంది. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోను రాత్రి బాగా తగ్గిపోతుంది. పగలంతా పనిలో పడి పట్టించుకోని మనసుకు రాత్రి అదొక్కటే మిగులుతుంది. పొద్దున పదకొండింటికి ఆసుపత్రిలో చూసిన చర్మం రాత్రి రెండింటి సంగతి చెప్పదు. అందుకే ఎన్ని రాత్రులు అన్న ప్రశ్నకు అంత విలువ.

ఈ కొలతలు లెక్కకు మించి పుట్టుకొచ్చి ఒక గందరగోళమూ అయింది. 2007లో యోఖెన్ ష్మిట్, సినేడ్ లాంగన్, హైవెల్ విలియమ్స్ ఎగ్జిమా కోసం వాడుతున్న 20 రకాల కొలతలను జల్లెడ పట్టారు. తగినంతగా పరీక్షకు నిలబడినవి మూడే: ఈజీ, పోయెమ్, 1993లో యూరప్ వైద్యులు తయారుచేసిన స్కోరాడ్. ఒక దేశం ఒక తీరున, ఇంకో దేశం ఇంకో తీరున కొలిస్తే ఏ మందు మేలో ఎలా పోల్చాలి? ఒక ఊళ్లో సోలతో, ఇంకో ఊళ్లో కిలోలతో వడ్లు అమ్మినట్టు ఉంటుంది. ఆ తరువాత హోమ్ అనే అంతర్జాతీయ బృందం రోగులను కూడా కూర్చోబెట్టుకుని ఒక ఒప్పందానికి వచ్చింది. ఎగ్జిమా మందుల పరీక్ష ఏది చేసినా నాలుగు తప్పక కొలవాలి: కంటికి కనిపించే లక్షణాలు, రోగి చెప్పే బాధ, జీవన నాణ్యత, జబ్బు ఎంతకాలం అదుపులో ఉంటోంది. నాలుగింటిలో మూడు రోగి నోటి నుంచి రావలసినవే.

కొలిస్తే ఏం ఒరుగుతుందన్న దానికి మనకు దగ్గరి ఉదాహరణ కొబ్బరినూనె. ఫిలిప్పీన్స్‌లో ఎగ్జిమా ఉన్న 117 మంది పిల్లలపై చేసిన పరీక్ష 2014లో అచ్చయింది. కొందరికి ముడి కొబ్బరినూనె, కొందరికి మినరల్ ఆయిల్ 8 వారాలు పూశారు. కొబ్బరినూనె పూసిన పిల్లల స్కోరాడ్ సగటున 68 శాతం తగ్గింది, రెండో గుంపులో 38 శాతం. అమ్మమ్మలు చెప్పిన మాట అంకెతో నిలబడింది. అది తేలికపాటి, మధ్యస్తమైన ఎగ్జిమాకు సంబంధించిన పరీక్ష అన్నది మరవకూడదు. తీవ్రమైన దానికి నూనె ఒక్కటే చాలదు.

ఇంకో ఉదాహరణ సిమెంటు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి మేస్త్రీ పని చేసినవారు ఎందరో. సిమెంటులోని ఒక రకం క్రోమియం చేతులకు మొండి ఎగ్జిమా తెస్తుంది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఆ క్రోమియం కోరలు పీకినట్టే. ఆ దారి ముందుగా పట్టిన దేశాల్లో డెన్మార్క్ ఒకటి. మేస్త్రీల చేతులను వరసగా పరీక్షించి, ఎంతమందికి వచ్చిందో లెక్కపెట్టిన తరువాతే అక్కడ ఫలితం కనబడింది. 2005 నుంచి యూరప్ మొత్తంలో సిమెంటులో ఆ క్రోమియం పది లక్షల భాగాల్లో 2 భాగాలకు మించకూడదని నియమం వచ్చింది. ఎవరూ లెక్కపెట్టకపోతే ఆ చేతులు వారి వారి అదృష్టానికి మిగిలిపోయేవి.

లెక్క లేకపోవడం వల్ల జరిగే నష్టం మన వీధి చివరి మందుల దుకాణంలోనే ఉంది. దురద అనగానే స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. మూడు రోజుల్లో ఎరుపు పోతుంది. తగ్గిందని ఆపితే మళ్లీ లేస్తుంది, మళ్లీ అదే ట్యూబు. అసలు జబ్బు తామర అయితే ఇంకా పాకుతుంది. ముఖం మీద నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అలాగని స్టెరాయిడ్ అంటే భూతం కాదు. డాక్టరు చెప్పిన బలంలో, చెప్పినన్ని రోజులు పూస్తే ఎగ్జిమాకు అది నమ్మదగిన మందు. ఎంత పూయాలన్న దానికీ కొలత ఉంది. 1991లో ఇదే ఆండ్రూ ఫిన్లే, సి.సి. లాంగ్‌తో కలిసి చూపించిన పద్ధతి అది. ట్యూబు నొక్కి చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాకా ఒక వరస మందు తీస్తే సుమారు అర గ్రాము. అది పెద్దవారి రెండు అరచేతులంత మేర చర్మానికి సరిపోతుంది. త్రాసు వేలి మీదే ఉంది.

ఇక తగ్గడం అంటే ఎంత తగ్గడం? పోయెమ్‌లో 3, 4 మార్కులు తగ్గితేనే రోగికి తేడా తెలుస్తుందని నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో లెక్క తేల్చారు. ఈజీలో అయితే 6, 7 మార్కులు తగ్గాలి. మన నాట్లామెకు ఈజీలో ఉన్నదే 3.2. రేపు ఆమె చేతులు పూర్తిగా బాగుపడినా ఆ కొలత ప్రకారం చెప్పుకోదగ్గ మార్పు రానట్టే. పోయెమ్ ప్రకారం 18 నుంచి 5కు దిగితే ఎంత మేలు జరిగిందో ఎవరికైనా తెలుస్తుంది.

ఇలా లెక్కపెట్టుకోవడానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండర్ చాలు. చదువు రాకపోతే బడికి పోయే పిల్లలు రాస్తారు, ఆశా కార్యకర్త అడిగి రాస్తుంది. ఆదివారం నుంచి శనివారం దాకా, తెల్లారి లేవగానే నిద్ర చెడిన రాత్రికి ఒక చుక్క. పగిలిన రోజుకు ఒక గీత. రక్తం వచ్చిన రోజుకు ఒక సున్నా. పని మానుకున్న రోజుకు ఒక ఇంటూ గుర్తు. శనివారం రాత్రి వాటిని లెక్కపెట్టి ఒక చీటీ మీద రాసుకోవాలి. మళ్లీ బాన్సువాడకు పోయినప్పుడు ఆ చీటీని చూపించాలి. రూపాయిల ఎంత తగ్గిందవ్వా అని డాక్టరు అడిగితే, పోయిన నెల వారానికి ఐదు చుక్కలుండె సారూ, ఈ నెల రెండే పడ్డయ్ అని చెప్పవచ్చు.